ఐదు వేల ముప్ఫై తొమ్మిది సబ్బులు

పెట్టెలక్క జన్మలో ఒకరిచేత మాట పడలేదు. కాపరానికి వచ్చిన పద్దెనిమిదేళ్ళలో ఆవిణ్ణి ఒక మాట అందామంటే సందు దొరక్క, ఆ బెంగతోనే అత్తగారు పోయిందని తోటికోడలు ఇప్పటికీ చెప్తూ ఉంటుంది. అలాంటి మనిషి మీద సబ్బు దొంగతనం వచ్చి పడింది. అదీ అరచేతిలో దాగిపోయేంత బుల్లి సబ్బు, ఒకే ఒక్కటి. దొంగతనం అంటగట్టదలుచుకున్నప్పుడు కాస్త విలువైన వస్తువు చూసి అంటగట్టవద్దూ? కొందరికి నింద వెయ్యడంలో కూడా పిసినారితనమే, ఏం చేస్తాం.

మొదటినుంచీ చెప్తాను, వినండి.

ఆ ఇంటి వెనక పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. అందులో సబ్బులు చేస్తారు. ఓనరు పెట్టెలక్కకు బావగారు, అంటే మొగుడికి సొంత అన్న. తొట్టి దగ్గర నిలబడి నూనె మరిగించేది పెట్టెలక్క మొగుడు. గట్టిపడిన సబ్బు దిమ్మల్ని తీగతో కోసేది కోత తాత. ఆయన ముప్ఫై ఏళ్ళుగా సబ్బు కోస్తున్నాడు గానీ ఒక్కనాడైనా ఒంటికి రుద్దుకున్న దాఖలా లేదు. ముందు గదిలో కూర్చుని ఫోను ఎత్తేది, ఆర్డర్లు రాసుకునేది తోటికోడలు. ఇక కోతా ఆరబెట్టడం అయిపోయి, ముద్ర పడిన సబ్బుల్ని అట్టపెట్టెల్లో సర్దేది మన పెట్టెలక్క. అందుకే ఆవిడకా పేరు. సర్దే గది తాళంచెవి ఎప్పుడూ ఆవిడ నడుముకే ఉంటుంది. మెడలో ఏం లేకపోయినా ఆవిడకు పట్టదు గానీ, నడుముకు ఆ చెవి తగలకపోతే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు.

ఆ షెడ్డుకొక కట్టుబాటు ఉంది. మామగారు పెట్టిపోయింది. ఆయన మొట్టమొదట పంపిన సరుకులో ఒక పెట్టెలో ఒక గడి ఖాళీగా వెళ్ళిందట. కొన్న షాపువాడు సరుకంతా వెనక్కి పంపి, ఊరుకోకుండా బజారంతా చాటింపేశాడట. ఆ రోజు సాయంత్రమే మామగారు ఎర్రరంగు డబ్బా తెచ్చి షెడ్డు గుమ్మం మీద స్వయంగా రాశారు: ‘వెలితి పెట్టె గుమ్మం దాటరాదు’. ఆయన పోయి పదేళ్ళయినా ఆ అక్షరాలు పోలేదు. బావగారు ప్రతి ఏడాదీ వాటికి కొత్త రంగు వేయిస్తాడు. షెడ్డు పైకప్పు కురుస్తున్నా దానికి రంగు వేయించడు, అది వేరే సంగతి.

ఇలా ఉండగా ఒక పెద్ద హోటలు వాళ్ళు వచ్చారు. లేతాకుపచ్చ సబ్బులు కావాలన్నారు. ఒక తొట్టిలో ఎన్ని వస్తే అన్నీ తీసుకుంటామన్నారు. రెండే షరతులు. అన్నీ ఒకే తొట్టివి అయి ఉండాలి, రంగులో ఆవగింజంత తేడా ఉండకూడదు. పెట్టెలన్నీ ఒకే సైజువి ఉండాలి. శనివారం పొద్దున వ్యాను వస్తుంది.

బావగారు సంతోషంతో ఒప్పేసుకున్నాడు. తమ్ముడు తొట్టి మరిగించాడు, కోత తాత కోశాడు, అంచులు విరిగినవి పక్కన పడేశారు. బాగున్నవాటిని సోమవారం పెట్టెలక్క ఆరు సబ్బులు పట్టే పెట్టెల్లో సర్దింది. ఎనిమిది వందల ముప్ఫై తొమ్మిది పెట్టెలు నిండాయి. ఆఖరి పెట్టెలో ఐదే వచ్చాయి. ఒక గడి బోసినోరులా తెరుచుకుని ఉంది.

“బావగారూ, ఒకటి తగ్గింది,” అంది పెట్టెలక్క.

బావగారు వచ్చి చూశాడు. గుమ్మం మీది రాత వంక కూడా ఒకసారి చూశాడు. “ఐదు సబ్బులు వదులుకుంటామా? ఎనిమిది గళ్ళవి ఉన్నాయిగా. వాటిలో సర్దు, సరిపోతుంది,” అన్నాడు.

మంగళవారం ఎనిమిదేసి సర్దింది. ఆఖరి పెట్టెలో ఏడు. ఒకటి తక్కువ. బుధవారం తొమ్మిదేసి సర్దింది. ఆఖరి పెట్టెలో ఎనిమిది. మళ్ళీ ఒకటే తక్కువ. పెట్టెలక్క మొగుడు మంచి మాటే చెప్పబోయాడు. “పాత తొట్టిది ఒకటి ఉంది అన్నయ్యా. దాదాపు ఇదే పచ్చ. అందులో పడేస్తే ఎవరికి తెలుస్తుంది?”

“హోటలువాడికి తెలుస్తుంది,” అన్నాడు బావగారు. “నాన్నకి తెలుస్తుంది.”

“అదీ నిజమేలే,” అన్నాడు తమ్ముడు. అతను ఎప్పుడూ గోడ మీద పిల్లే. ఈ గోడకి రెండు వైపులా అన్నా పెళ్ళామూ ఉండేసరికి, పాపం, దిగడానికి చోటు కూడా లేదు.

ఆ రాత్రి బావగారు మంచం మీద పడుకుని ఆలోచించాడు. ఆయన ఆలోచించడం మొదలుపెడితే ఎవరికో ఒకరికి మూడినట్టే. గురువారం పొద్దున్నే అందర్నీ షెడ్డులో నిలబెట్టి, వేలు పైకెత్తి ఇలా అన్నాడు.

“ఆరేసి పెట్టాం, ఒకటి తక్కువ. ఎనిమిదేసి పెట్టాం, ఒకటి తక్కువ. తొమ్మిదేసి పెట్టినా ఒకటే తక్కువ. ఊరికే సరిపోకపోతే ఒకసారి రెండు తగ్గాలి, ఇంకోసారి నాలుగు మిగలాలి. అలా కాదే. ఎటు తిప్పి చూసినా ఒక్కటే తగ్గుతోంది. దానర్థం ఏంటి? ఒక్కటి పోయింది కాబట్టి. ఎవరో తీశారు కాబట్టి.”

నిజం చెప్పొద్దూ, వినడానికి మాట సబబుగానే ఉంది. అబద్ధం ఎప్పుడూ అలాగే ఉంటుంది, శుభ్రంగా తల దువ్వుకుని వస్తుంది.

తర్వాత బావగారు పరిశోధన మొదలుపెట్టాడు. ఆ సబ్బుకు నిమ్మగడ్డి వాసన. కాబట్టి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి వాసన చూశాడు. ముందు కోత తాత దగ్గరికి వెళ్ళాడు. సగం దూరంలోనే ఆగి, ముక్కు పట్టుకుని, “నువ్వు కాదులే తాతా,” అన్నాడు. ఆయనంత నిర్దోషి ఆ షెడ్డులో ఇంకెవరూ లేరు. తమ్ముడి దగ్గర నూనె వాసన తప్ప ఇంకేం రాలేదు. పెళ్ళాం దగ్గరికి వెళ్ళబోతే ఆవిడ ఒక చూపు చూసింది. అక్కణ్ణించే వెనక్కి తిరిగాడు.

మిగిలింది పెట్టెలక్క. మూడు రోజులుగా ఐదు వేల సబ్బులు ఒక్కొక్కటిగా పెట్టెల్లో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టిన మనిషి. ఆవిడ జుట్టు నిమ్మగడ్డి, చేతులు నిమ్మగడ్డి, కొంగు నిమ్మగడ్డి. వాసన చూడ్డానికి దగ్గరికి కూడా రానక్కర్లేదు.

“ఆ పది పట్టే పెట్టెల్లో కూడా సర్దు చూద్దాం,” అన్నాడు బావగారు ఆవిడ మొహం చూడకుండా. “దాంట్లో కూడా ఒకటే తగ్గితే ఇక అనుమానం లేదు.”

పెట్టెలక్క పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పదేసి సర్దింది. ఐదు వందల మూడు పెట్టెలు నిండాయి. ఆఖరి దాంట్లో తొమ్మిది. పెట్టెలక్క ఆ ఖాళీ గడిలో వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయింది.

“చూశావా,” అన్నాడు బావగారు. “నేను దొంగ అనట్లేదమ్మా. ఆ మాట నా నోట్లోంచి రాదు. కానీ కోసిన దగ్గర్నుంచి పెట్టె మూసేదాకా సబ్బు ఉండేది నీ చేతుల్లోనే. ఒక్కటి తగ్గింది. ఎలా తగ్గిందో నీకే తెలియాలి. అది దొరికేదాకా తాళంచెవి నా దగ్గర ఉండనీ.”

దొంగ అనడం లేదట. అననిదేమిటో నాకైతే తెలియలేదు.

పెట్టెలక్క మొహం ఎర్రబడింది. నడుము దగ్గరి తాళంచెవి మీద చెయ్యి వేసుకుని, “రేపిస్తాను బావగారూ,” అంది. “ఈ ఒక్కపూట ఆగండి. పన్నెండు పట్టే పెట్టెలు మన దగ్గర లేవు. అట్టలాయన దగ్గరికి వెళ్ళి తెస్తాను. అందులో కూడా చూద్దాం.”

మొగుడు వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర, “పోనీలే, ఒక్క సబ్బేగా. నేను తీశానని చెప్పేయనా?” అన్నాడు.

“తీశావా?”

“లేదు.”

“అయితే నోరు మూసుకో,” అని ఆవిడ చెప్పులు వేసుకుంది.

అట్టలాయన షాపు రెండు వీధుల అవతల. అడుగు పెడితే జిగురు కంపు. ఆయన పొడుగాటి కత్తి, ఇనపస్కేలు, పెన్సిలు పట్టుకుని అట్టలు కోస్తూ ఉంటాడు. ఆ వీధిలో పెట్టె కావాల్సిన ప్రతివాడికీ పెట్టె చేసి పెట్టేది ఆయనే. సబ్బులకీ, గాజుగ్లాసులకీ, చెప్పులకీ, ఆఖరికి ఎవరో పెంచుకున్న తాబేలుకి కూడా.

“పన్నెండువి కావాలన్నా, నాలుగు వందల ఇరవై,” అంది పెట్టెలక్క. అని, ఊరుకోలేక జరిగిందంతా చెప్పేసింది.

అట్టలాయన కత్తి పక్కన పెట్టాడు. “అసలు సబ్బులు మొత్తం ఎన్ని?”

“ఎవరు లెక్కపెట్టారన్నా. పదేసి ఐదు వందల మూడు పెట్టెలు, పైన తొమ్మిది.”

ఆయన అట్టముక్క మీద రాశాడు. ఐదు వేల ముప్ఫై తొమ్మిది. రాసి దాని వంక అనుమానంగా చూశాడు. “ఇది మొండిదిలా ఉందే,” అన్నాడు.

“మొండిదేంటి?”

“బళ్ళో ప్రధాన సంఖ్య అంటారు. మా పనిలో మొండిది అంటాం. ఒకటితో తప్ప, తనతో తప్ప ఇంకెవరితోనూ కలవదు. ఏ సైజు పెట్టె చేసినా ఒప్పుకోదు. చిన్నవాటినైతే చూడగానే పోల్చుకుంటాం, ఏడూ పదమూడూ లాంటివి. ఇంత పెద్దది మొండిదో కాదో చూస్తే గానీ తెలీదు. కూర్చో.”

పెట్టెలక్క అట్టల కట్ట మీద కూర్చుంది. ఆయన భాగహారాలు మొదలుపెట్టాడు. రెండుతో చేశాడు, మూడుతో చేశాడు, ఐదుతో చేశాడు.

“నాలుగు వదిలేశావేం?” అంది పెట్టెలక్క.

“రెండే రానివ్వలేదు కదమ్మా. తల్లినే గుమ్మంలోంచి పొమ్మన్నవాళ్ళు పిల్లని లోపలికి పిలుస్తారా? నాలుగు, ఆరు, ఎనిమిది, అందరూ రెండు పిల్లలే. మొండివాటితో మాత్రం చూస్తే చాలు.”

ఏడు అయింది, పదకొండు అయింది, పదమూడు, పదిహేడు. అట్ట నిండిపోతే తిరగేశాడు. పెట్టెలక్క ఒక్కొక్క మిగులూ చూస్తూ కూర్చుంది. సరిగ్గా అరవై ఏడు దగ్గర ఆయన పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు. మొత్తం పంతొమ్మిది భాగహారాలు. ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు.

“అయిపోయింది. పక్కా మొండిది,” అన్నాడు.

“అదేంటి, అక్కడే ఆపేశావు? వంద పట్టే పెట్టెలో సరిపోతుందేమో.”

అట్టలాయన నవ్వాడు. “డెబ్భై ఒకటి పెట్టెల్లో డెబ్భై ఒకటేసి పెడితే ఐదు వేల నలభై ఒకటి. అక్కడికే మన లెక్క దాటిపోయింది. పెట్టె అంతకంటే పెద్దదయ్యిందంటే పెట్టెల సంఖ్య డెబ్భై ఒకటి కంటే తగ్గాలి. వందేసి పెడితే యాభై పెట్టెలు వస్తాయనుకో. వంద పట్టే పెట్టెలు యాభై సరిపోతే, యాభై పట్టే పెట్టెలు వంద కూడా సరిపోవాలిగా. చిన్నవాటిని ఇందాకే చూసేశాం. ఇక పెద్దవాటిని వేరే చూడక్కర్లేదు.”

పెట్టెలక్క వేళ్ళతో గాల్లో పెట్టెలు పేర్చుకుని చూసుకుంది. నిజమే. పద్దెనిమిదేళ్ళుగా పెట్టెలు సర్దుతోంది, ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ అసలు ముల్లు ఇంకా దిగలేదు.

“సరే, సరిపోదు. కానీ ప్రతిసారీ సరిగ్గా ఒక్కటే ఎందుకు తగ్గుతుందన్నా? మా బావగారి మాటంతా దాని మీదే నిలబడింది.”

అట్టలాయన ఇంకో అట్టముక్క తీశాడు. “దీని పక్కింటాయన్ని చూడు. ఐదు వేల నలభై. ఒకటి నుంచి ఏడు దాకా వరసపెట్టి గుణిస్తే వచ్చేది ఆయనే. రెండు మూళ్ళు ఆరు, దాన్ని నాలుగుతో ఇరవై నాలుగు, ఐదుతో నూట ఇరవై, ఆరుతో ఏడు వందల ఇరవై, ఏడుతో ఐదు వేల నలభై. అంతమందిని కడుపులో పెట్టుకున్నవాడు కాబట్టి ఆయనకి అందరితోనూ పొత్తే. ఆరు రానీ, ఎనిమిది రానీ, తొమ్మిది, పది, పన్నెండు రానీ, రండి కూర్చోండి అంటాడు. మనది ఆయనకి సరిగ్గా ఒక మెట్టు కింద ఉంది. అందుకే ఆ పెట్టెలన్నిటికీ ఒక్క సబ్బు దూరంలో ఆగిపోతోంది. పోయి తగ్గలేదమ్మా. పుట్టుకతోనే అంత.”

“అంటే ఏదీ పోలేదు.”

“పోవడానికి ఉంటేగా.”

పెట్టెలక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాలుగు రోజులుగా తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకుంటోంది, ఎక్కడైనా జారిపడిందేమో, పొరపాటున కొంగులో పడి ఇంటికి వచ్చేసిందేమో అని. మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ వెంటనే ఇంకో దిగులు పట్టుకుంది.

“ఈ అట్టముక్క తీసుకెళ్ళి చూపిస్తే మా బావగారు నమ్మడు. ఆయన తన చేత్తో చేసిందే నమ్ముతాడు,” అని, మళ్ళీ అట్ట మీదికి వంగింది. వేలు ఒక చోట ఆగింది. “ఇక్కడ పదకొండు దగ్గర మిగులు ఒకటి అని వేశావు. అంటే ఒకటి తక్కువ కాదా?”

“పదకొండు ఆ గుణకారంలో లేదుగా. పదకొండేసి పెడితే నాలుగు వందల యాభై ఎనిమిది పెట్టెలు నిండి ఒకటి మిగులుతుంది.” అన్నాడో లేదో, అట్టలాయన మొహం మాడిపోయింది. “అమ్మా, ఆ పదకొండు సంగతి మాత్రం ఎత్తకు.”

ఎందుకంటారా? నాలుగేళ్ళ కింద అట్టలాయన పన్నెండు గళ్ళ పెట్టెలు చేస్తూ, ఒక మూల జిగురు ఎక్కువ పోసి, ఐదు వందల పెట్టెల్లో ఒక్కో గడి అతికించేశాడు. ప్రపంచంలో ఏ తలమాసినవాడూ పదకొండేసి సర్దడు కదా. వాటిని చవగ్గా వదిలించుకుందామని చూస్తే, చవక అనే మాట వినగానే బావగారు పరుగున వచ్చి మొత్తం కొనేశాడు. అప్పట్నుంచీ అవి అటక మీద ఉన్నాయి. తోటికోడలు వారానికొకసారి ఆ అటక వైపు చూసి మొగుణ్ణి దులిపేస్తుంది.

పెట్టెలక్క అట్టముక్క తీసుకుని లేచి నిలబడింది. “పన్నెండువి వద్దన్నా,” అంది. వచ్చేటప్పుడు ఈడ్చుకుంటూ వచ్చిన చెప్పులు వెళ్ళేటప్పుడు టపటపా మోగాయి.

శుక్రవారం పొద్దున షెడ్డులో అందరి ముందూ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

“ఇదిగోండి బావగారూ. నా చెయ్యి పడిందనేగా మీ అనుమానం. ఇవాళ నేను ఆ గదిలో అడుగు పెట్టను. అటక మీద పదకొండువి ఉన్నాయి. లోపల్నించి గడియ వేసుకుని మీరే సర్దండి. ఒక్క సబ్బు తక్కువ వచ్చిందా, దొంగని నేనే. మళ్ళీ ఈ గుమ్మం తొక్కను. మీరూ తొక్కనివ్వద్దు.”

మొగుడికి దగ్గు వచ్చింది. తోటికోడలు, “అదేం మాటే, అంత పందెం ఎందుకే,” అంది. బావగారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఒక దెబ్బకి దొంగా దొరుకుతుంది, నాలుగేళ్ళ అటకా ఖాళీ అవుతుంది.

“నీ ఇష్టం,” అని తాళంచెవి తీసుకుని లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

మిగతావాళ్ళు బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల్నించి లెక్క వినిపిస్తోంది. ఆయన గట్టిగా లెక్కపెడతాడు, మధ్యలో తప్పుతాడు, తిట్టుకుంటాడు, మళ్ళీ మొదలు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే రాలేదు. పెట్టెలు సర్దడం ఎంత నడుం నొప్పో ఆయనకి ఇరవై ఏళ్ళలో మొదటిసారి తెలిసింది. “అమ్మో” అన్నది రెండుసార్లు వినిపించింది. ఆ రెండుసార్లూ పెట్టెలక్క గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. అయినా లోపల భయమే. అట్టలాయన ఎక్కడైనా భాగహారం తప్పాడో, తన బతుకు బుగ్గిపాలే.

నాలుగు దాటాక లెక్క ఆగిపోయింది. తర్వాత గడియ తీసిన చప్పుడు. బావగారు బయటికి వచ్చాడు. జుట్టంతా రేగిపోయి ఉంది. చాచిన అరచేతిలో ఒక లేతాకుపచ్చ సబ్బు ఉంది.

“అన్నీ నిండాయి,” అన్నాడు పీలగా. “ఒకటి మిగిలింది.”

బెంచీ మీద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావగారు కూడా ఆలోచనలో పడ్డాడు. చెప్పానుగా, ఆయన ఆలోచిస్తే ప్రమాదం. కాసేపటికి ఆయన మొహం మెల్లగా వెలిగింది.

“దొంగకి బుద్ధొచ్చింది,” అన్నాడు. “తెచ్చి పెట్టేశారు. పోనీలే. ఎవరో నేను అడగను. ఎవరైనా సరే, మనస్ఫూర్తిగా క్షమించేశాను.” అని పెట్టెలక్క వైపు చల్లగా చూశాడు.

పెట్టెలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయింది. అంతలో తోటికోడలు అందుకుంది.

“ఎప్పుడు తెచ్చి పెట్టారంటారు?”

“ఇవాళే. నిన్నటిదాకా లేదుగా.”

“ఇవాళ గదిలో ఎవరున్నారు?”

“నేనొక్కణ్ణే.”

“గడియ ఎవరు వేశారు?”

“నేనే, లోపల్నించి. చీమ కూడా దూరలేదు.” అని, బావగారు ఆగిపోయాడు.

తోటికోడలు లేచి ఆయన దగ్గరికి నడిచింది. కాలరు పట్టుకుని వంచి, మెడ దగ్గర, చెవి వెనకాల, చంక దాకా తీరిగ్గా వాసన చూసింది. తర్వాత వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. “నిమ్మగడ్డే.”

“పొద్దున్నుంచీ సబ్బుల్లోనే ఉన్నానే,” అన్నాడు బావగారు.

“చెల్లెలూ మూడు రోజులు సబ్బుల్లోనే ఉందిగా. నిన్న అది గుర్తొచ్చిందా? పైగా, ఒకటి తగ్గిన చోట ఒకటి మిగిలిందంటే ఒకటి కాదు తెచ్చింది, రెండు. అంటే మీరు రెండు కొట్టేశారు.”

“నా సబ్బులు నేను కొట్టేయడమేమిటే?”

“అది మీకే తెలియాలి,” అంది తోటికోడలు. “నేను దొంగ అనట్లేదు. ఆ మాట నా నోట్లోంచి రాదు.”

“నన్ను దూరం నుంచే వాసన చూసి ముక్కు మూసుకున్నావు కదయ్యా,” అన్నాడు కోత తాత తృప్తిగా.

బావగారు తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు చూపు కలపకుండా గోడ వైపు తిరిగాడు. ఆఖరికి బావగారు పెట్టెలక్క వంక చూశాడు. చూసిన చూపు వేరు. ఐదుగురిలో నిలబడి, చెయ్యని పనికి ఏం చెప్పాలో తెలియని మనిషి చూపు అది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ చూపు పెట్టెలక్క దగ్గరే ఉంది కాబట్టి వెంటనే గుర్తుపట్టింది. జాలేసింది. అయినా టీ పెట్టుకుని, మెల్లగా ఊదుకుంటూ మొత్తం తాగాకే అట్టముక్క తీసింది. అంత మాత్రం చెయ్యకపోతే మనిషే కాదు.

మొండిదాని సంగతీ, పక్కింటాయన సంగతీ చెప్పింది. బావగారు నమ్మలేదు. చేతిలోని సబ్బు బల్ల మీద పెట్టి క్యాలిక్యులేటరు తెప్పించుకున్నాడు.

“పదమూడేసి పెడితే?” అన్నాడు నొక్కుతూ.

“ఎనిమిది మిగులుతాయి,” అంది పెట్టెలక్క అట్ట చూడకుండా.

క్యాలిక్యులేటరులో గుణించి, తీసేసి చూసుకున్నాడు. ఎనిమిదే. “పదిహేడు?”

“ఏడు.”

“ఇరవై మూడు?”

“రెండు.”

“యాభై మూడు?”

“నాలుగు. అరవై ఏడు దాకా అడగండి బావగారూ, నాకు తొందరేం లేదు.”

అరవై ఏడు దాకా అడిగాడు. ఒక్కటీ తప్పలేదు, ఒక్కదాంట్లోనూ ఇమడలేదు. బావగారు క్యాలిక్యులేటరు బల్ల మీద పెట్టి, అలసిపోయి బెంచీ మీద కూలబడ్డాడు.

“అయితే వీటన్నిటికీ వెలితి లేకుండా, మిగులు లేకుండా సరిపోయే పెట్టే లేదా?”

“రెండు రకాలున్నాయి. ఒక్కో సబ్బుకి ఒక్కో పెట్టె చేయించాలి. లేదంటే అన్నీ పట్టే ఒకే ఒక్క పెట్టె ఉండాలి.”

“ఐదు వేలు పట్టే పెట్టె ఎక్కడుంటుందమ్మా?”

“ఉంది,” అంది పెట్టెలక్క. “అదిగో, ఆ గది. సోమవారం ఐదు వేల ముప్ఫై తొమ్మిది ఉన్నాయి. ఇవాళా ఐదు వేల ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి. ఆ పెట్టెలో ఏ రోజూ ఒక్కటి తగ్గలేదు. దాని తాళం పద్దెనిమిదేళ్ళు నా దగ్గరుంది.”

బావగారు తల వంచుకున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి రెండు చేతులతో ఇవ్వబోయాడు. పెట్టెలక్క చెయ్యి చాచలేదు. బల్ల మీద మిగిలిపోయిన ఆ ఒక్క సబ్బు తీసి ఆయన ముందు పెట్టింది.

“నాలుగు వందల యాభై ఎనిమిది పెట్టెలు నిండుగా వెళ్తాయి, మామగారి మాట నిలబడుతుంది. ఇది దేనిలోనూ పట్టదు. అటు కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి ముందు నోరు కడుక్కోండి బావగారూ. తాళంచెవి తర్వాత ఇద్దురుగాని.”

మొగుడికి మళ్ళీ దగ్గొచ్చింది. బావగారు సబ్బు వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ కుళాయి వైపు చూపించింది. ఆయన వెళ్ళి, కొత్త సబ్బు తడిపి, పెదాలకీ పళ్ళకీ రుద్దుకున్నాడు. నురగ గడ్డం దాకా కారింది.

“తప్పైపోయిందమ్మా,” అన్నాడు. మాటతో పాటు రెండు బుడగలు కూడా వచ్చాయి.

“వినపడలేదు,” అంది పెట్టెలక్క.

ఆయన పుక్కిలించి ఉమ్మి, ఇంకోసారి గట్టిగా చెప్పాడు. పెట్టెలక్క తాళంచెవి తీసుకుని నడుముకు దోపుకుంది, గదిలోకి వెళ్ళి ఆయన వంకరగా పేర్చిన పెట్టెల్ని ఒక్కొక్కటీ సరిచేయడం మొదలుపెట్టింది.